అడవి కాలిన ఏడాది చెరువు పచ్చబడితే

నల్లమల, శేషాచలం అంచుల్లోని చెరువులకు వేసవి కార్చిచ్చు లెక్క వానాకాలంలో తేలుతుంది. కొండ కాలితే, తొలి వానలకు బూడిద వాగుల్లో దిగి, అడుగంటిన చెరువులోకి చిక్కగా చేరుతుంది. డీఓ (నీళ్లలో కరిగిన ప్రాణవాయువు, లీటరుకు మిల్లీగ్రాముల్లో), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం) కొలవడం, ఏరేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రం) తిప్పడం వచ్చిన చేపల రైతుల కోసం ఇది.

ఏ మందైనా చల్లేముందు ఒక పని చేయండి. సూర్యుడు రాకముందు, చెరువు బాగా లోతున్న చోట, అడుగుకు 30 సెంటీమీటర్ల పైన నీళ్లు తీసి డీఓ చూడండి. చాలామంది మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని పైనీళ్లు ముంచి "ఎనిమిదుంది, ఢోకా లేదు" అనేస్తారు. పచ్చటి చెరువులో మధ్యాహ్నం డీఓ పన్నెండు కూడా ఉంటుంది. అదే చెరువు అడుగున తెల్లవారుజామున సున్నా ఉండొచ్చు.

నీళ్లు నల్లబడి, తెల్లారేసరికి చేపలు మూతులెత్తడం

బూడిదతో పాటు సగం కాలిన ఆకూ అలమా దిగాయి. అవి కుళ్లుతూ ప్రాణవాయువును తినేస్తాయి. నీళ్లు నల్లగా ఉండి వెలుగు దిగదు కాబట్టి నాచు దాన్ని తిరిగి ఇవ్వలేదు. వాగునీటిని పక్కకు మళ్లించండి, రాత్రంతా ఏరేటర్ తిప్పండి, మేత ఆపండి.

సున్నం మాత్రం వద్దు. నీళ్లు చెడితే సున్నం కొట్టడం అలవాటే గానీ బూడిదే క్షారం, పీహెచ్ అప్పటికే పైన ఉంటుంది, సున్నం దాన్ని ఇంకా పెంచుతుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 ఉంటే నీళ్లలోని మొత్తం అమోనియాలో 7-8 శాతమే విషరూపంలో ఉంటుంది. 9కి చేరితే అది దాదాపు 45 శాతం. బూడిద మిగిల్చిన చేపల్ని సున్నం చంపుతుంది.

పచ్చగా ఉంది, ఏ పచ్చో తెలియడం లేదు

గాజు సీసాలో ముప్పావు వంతు నీళ్లు నింపి, కదపకుండా రాత్రంతా నీడలో ఉంచండి. బూడిద, మట్టి అడుగుకు చేరతాయి. మామూలు పచ్చ నాచు నీళ్లలోనే పరుచుకుని ఉంటుంది, కొంత కిందికి దిగుతుంది. నీలి ఆకుపచ్చ నాచు చాలావరకు మూత కింద పచ్చటి పొరగా తేలుతుంది. చెరువులో కర్ర ముంచి తీస్తే పోగులుగా వేలాడేది పాచి, రంగు డబ్బాలో ముంచినట్టు అంటుకునేది నీలి ఆకుపచ్చ నాచు. తేలిన రకమైతే పశువుల్ని ఆ నీళ్లకు వదలకండి, తెట్టు ఉన్నన్నాళ్లూ చేపలు పట్టి అమ్మకండి. కాచినా ఆ విషం విరగదు.

నీళ్లు తేరుకున్నాయి, నెలా నెలన్నరకు మళ్లీ చిక్కటి పచ్చ

అందరూ దెబ్బతినేది ఇక్కడే. పైన వానల్లేవు, వాగు ఎండింది, కొత్త బూడిద రాలేదు. అయినా చెరువు పచ్చబడింది. దాంతో చేపపిల్లల్ని అమ్మినవాణ్ణో మేత కంపెనీనో తిడతారు.

కారణం అడుగున ఉంది. మంటలో నత్రజని 200 డిగ్రీల నుంచే పొగై పోతుంది, భాస్వరం పోవాలంటే 770 డిగ్రీలు దాటాలి. అందుకే బూడిదలో భాస్వరం మిగులుతుంది, నత్రజని తగ్గుతుంది. గాలి నుంచి నత్రజని తీసుకోగల నీలి ఆకుపచ్చ రకాలకు ఇది అచ్చొచ్చిన మేత. ఆ భాస్వరం మట్టిలోని ఇనుమును పట్టుకుని అడుగుకు చేరుతుంది, పైన నీళ్లు తేటపడతాయి. అడుగున ప్రాణవాయువు అయిపోగానే ఇనుము పట్టు వదిలేస్తుంది, భాస్వరం నీళ్లలోకి వచ్చేస్తుంది. తేటనీళ్లు చూసి "పచ్చదనం పోయింది" అని పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసినవాళ్లకు దెబ్బ రెండింతలు.

నిర్ధారణకు రెండు సీసాలు చాలు. పైనీళ్లలో, అడుగునీళ్లలో ఫాస్ఫేట్ కిట్‌తో చూడండి. అడుగున కొన్ని రెట్లు ఎక్కువుంటే దొంగ దొరికినట్టే. అడుగు బురద నల్లగా ఉందని మాత్రం తేల్చేయకండి, బూడిదా నలుపే. చారెడు బురదను పళ్లెంలో పల్చగా పరిచి గాలికి పెట్టండి. కొన్ని గంటల్లో గోధుమరంగుకు తిరిగితే అది ప్రాణవాయువు లేక నల్లబడ్డ బురద. నల్లగానే ఉండిపోతే బొగ్గుపొడి.

పరిష్కారంలో వరస ముఖ్యం. ఎరువులన్నీ ఆపి, మేత సగానికి దించండి. రెండు మీటర్లు దాటిన చెరువులో పైన తిరిగే చక్రాల ఏరేటర్ అడుగును తాకదు, అడుగున గొట్టాలతో గాలి పంపే బ్లోవర్ కావాలి. దాన్ని మొదటిరోజు మిట్టమధ్యాహ్నం ఒక మూల గంటసేపే నడిపి, రోజుకు కాస్త పెంచండి. రాత్రిపూట ఒక్కసారిగా పూర్తిగా తిప్పితే అడుగునున్న చచ్చిన నీళ్లన్నీ పైకొచ్చి తెల్లారేసరికి చేపలు తేలతాయి.

ఆ తర్వాతే, నీళ్లలోని భాస్వరాన్ని పట్టి ఉంచడానికి పటిక. ఎకరం చెరువులో మీటరున్నర నీళ్లుంటే సుమారు 6,000 ఘనపు మీటర్లు. లీటరుకు 20 మిల్లీగ్రాముల లెక్కన 120 కిలోలు పడుతుంది. ముందు 20 లీటర్ల బకెట్లో 0.4 గ్రాములు కరిగించి చూడండి. పీహెచ్ 6.5 కన్నా దిగినా, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) లీటరుకు 50 మిల్లీగ్రాముల కన్నా తక్కువున్నా చెరువులో వేయకండి. పొద్దున్నే, పీహెచ్ 8 దాటకముందే, కరిగించి చల్లాలి. మధ్యాహ్నం పీహెచ్ తొమ్మిది దాటిన నీళ్లలో వేస్తే అల్యూమినియం గడ్డకట్టదు, కరిగిపోయి చేపల మొప్పలకు చేటు చేస్తుంది.

మైలుతుత్తం జోలికి పోకండి. తెట్టు మొత్తం ఒక్కరోజులో చస్తే లోపలి విషం నీళ్లలో కలుస్తుంది, కుళ్లేటప్పుడు ప్రాణవాయువు పోతుంది, భాస్వరం మళ్లీ అడుగుకే చేరుతుంది.

వచ్చే వానకు ముందు వాగుకు అడ్డంగా రెండు మూడు చోట్ల రాతికట్టలు వేసి, వాటి ముందు గడ్డిమోపులు పేర్చండి. ప్రతి పెద్ద వాన తర్వాత బూడిద ఎత్తేయాలి, లేకపోతే తర్వాతి వాన దాన్ని చెరువులోకే తోస్తుంది.

అరుదైనవి

మంటలార్పే రసాయనాలవల్లేనేమో అంటారు. విమానాల నుంచి అమ్మోనియం ఫాస్ఫేట్ చల్లే అమెరికాలో ఆలోచించాల్సిన మాట, కొమ్మలతో కొట్టి మంటార్పే చోట కాదు. పొగ వెలుగును అడ్డుకోవడం కూడా మనకు లెక్కలోకి రాదు. ఎండ ముదిరేకొద్దీ ఎర్రబడి, సాయంత్రానికి పచ్చబడే తెట్టైతే అది యూగ్లీనా అనే సూక్ష్మజీవి, దాని కథ వేరు. పీహెచ్ మామూలుగా ఉండి, నీళ్లు టీ రంగులో తేటగా ఉంటే ఆకుల రసం దిగిందంతే. ఏమీ చల్లకండి.