బొమ్మలకు చారిత్రక దుస్తులు, సెట్లు తయారుచేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు
కత్తెర పట్టకముందే కొలమానాన్ని నిర్ణయించుకోవాలి. 1:12లో ఒక అడుగు ఒక అంగుళానికి, 1:6లో రెండంగుళాలకు తగ్గుతుంది కాబట్టి, ఒక కొలతలో చేసిన కుర్చీని మరొక కొలత బొమ్మ పక్కన ఉంచితే గది మొత్తం అసహజంగా కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ బట్టపై పెట్టాలి. కొలత తగ్గినంత మాత్రాన బట్ట మందం తగ్గదు గనుక, పలుచని నూలు లేదా పట్టు ముక్కను బొమ్మ నడుము దగ్గర కుచ్చిళ్లుగా పట్టి చూడాలి. అది కిందికి జారకుండా గొడుగులా విచ్చుకుంటే ఎంత అందమైన బట్టయినా పక్కన పెట్టడమే మంచిది. ముదురు రంగు బట్టను ముందే ఉతికి, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది, రంగు అంటడం లేదని తేలాకే వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) బొమ్మకు తొడగాలి, ఎందుకంటే ఆ మరక ఒక పట్టాన వదలదు.

రసాయనాలతో తయారైన తొలితరం అద్దకపు రంగుల్లో ఒకటైన కృత్రిమ ఊదారంగు 1856లో వచ్చింది. అంతకు ముందు కాలపు దుస్తులకు సహజ రంగుల ఛాయలనే ఎంచుకోవాలి. జిగురు వాడే చోట గాలి ఆడాలి.