ఆదివారం నలుగు, ఆపైన తపాలచెక్క: ఎలా చేసుకోవాలి?

బత్తాయి తిన్నాక తొక్క పారేయకండి. ఈ పనంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

మా నల్లగొండలో ఎండాకాలపు బత్తాయి పంట, అదే కత్తెర కాయ, దిగిందంటే ఇంట్లో బుట్టెడు బత్తాయిలు ఉండాల్సిందే. రసం తాగేస్తాం, తొక్కలు బర్రెలకో చెత్తబుట్టకో పోతాయి. మా అత్తమ్మ మాత్రం వాటిని డాబా మీద పాత చీర పరిచి ఎండబెట్టేది. పెసలు, కస్తూరి పసుపుతో కలిపి పట్టించి డబ్బాకెత్తేది. నెలకు రెండు ఆదివారాలు ఇంట్లో అందరికీ నూనె, నలుగు, తలస్నానం. తల తుడుచుకుని వచ్చేసరికి పొయ్యి మీద తపాలచెక్క, అంటే బియ్యప్పిండిని తపాలాలో వత్తి కాల్చే చెక్క, వాసన వచ్చేది. ఇప్పుడు ఆ పని నాది. అయితే నేను ఒక మార్పు చేశాను: ముందు నాకు నేను రాసుకుంటాను, తర్వాతే పిల్లలకు. రోజూ అందరికీ వండిపెట్టే ఆడవాళ్లు తమ కాళ్లకు ఇంత నూనె రాసుకునే తీరిక కూడా తీసుకోరు. ఆ రెండు గంటలు ఎలా తీసుకోవచ్చో చెబుదామనే ఇది రాస్తున్నాను.

వారం ముందు: నలుగుపిండి

తోటల్లో కాయ మీద మందులు కొడతారు కాబట్టి తొక్క తీశాక కాదు, తీయకముందే బత్తాయిలను పావుగంట నీళ్లలో వేసి, చేత్తో రుద్ది కడగండి. తొక్కను చిన్న ముక్కలు చేసి, దుమ్ము పడకుండా పైన పల్చని బట్ట కప్పి ఎండలో పెట్టండి. మన ఎండలకు 3, 4 రోజులు చాలు. ముక్కను విరిస్తే టప్పున విరగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉంది, ఆ తడి మొత్తం పిండికి బూజు పట్టిస్తుంది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

అర కిలో పెసలు, 200 గ్రాముల శనగపప్పు, 100 గ్రాముల బియ్యం, 50 గ్రాముల ఎండు తొక్క, 25 గ్రాముల కస్తూరి పసుపు కొమ్ములు, రెండు చెంచాల మెంతులు, ఓ గుప్పెడు ఎండు గులాబీ రేకులు. ఇవి నలుగురున్న ఇంటికి రెండు నెలలు వస్తాయి. కూరలో వేసే పసుపు వద్దు, ముఖం రెండు రోజులు పచ్చగా ఉండిపోతుంది. కస్తూరి పసుపు అంతగా రంగు పట్టదు. గులాబీ రేకులు వాసన కోసమే, లేకపోయినా నష్టం లేదు. పెసలు, పప్పు, బియ్యం కూడా ఒక పూట ఎండలో వేస్తే మెత్తగా నలుగుతాయి.

పూజా సామాన్ల కొట్టుకు వెళ్లి నలుగుపిండికి అని అడిగితే బావంచాలు అనే గింజలు కూడా కట్టిస్తారు. పాతకాలం సున్నిపిండిలో అవి ఉండేవి. నేను వేయను. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటికి అంటుకుని ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలొస్తాయి, తర్వాత నల్ల మచ్చలు మిగులుతాయి. పాలమూరు, నల్లగొండ ఎండల్లో బయటికి వెళ్లకుండా ఉండగలిగేది ఎవరు? ముఖానికి నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్లినా ఇదే బాధ. ఎవరు చెప్పినా ఆ పని చేయకండి.

తక్కువైతే మిక్సీలోనే పట్టుకోవచ్చు. గిర్నీకి ఇస్తే మాత్రం ఒకటి అడిగి తీరాలి: ముందు ఏం పట్టారు? ఒకసారి నేను అడగలేదు. నా కంటే ముందు ఎవరో కారం పట్టించుకుని వెళ్లారు. ఆ పిండి ముఖానికి రాసుకున్న నిమిషానికే మంట, కళ్లు తెరవలేకపోయాను. చల్లటి నీళ్లతో ఎంత కడిగినా సాయంత్రం దాకా ముఖం ఎర్రగానే ఉంది. అప్పటి నుంచి ముందు కిలో బియ్యం పట్టించి, ఆ తర్వాతే నలుగుపిండి పోయమంటాను.

పట్టిన పిండిని పల్చని నూలుబట్టలో జల్లించి ముఖానికి వేరే సీసాలో పెట్టుకోండి. మిగిలిన బరక పిండి ఒంటికి, కాళ్లకు. తడి చెయ్యి, తడి చెంచా సీసాలో పడకూడదు.

మొదటిసారి వాడేవాళ్లు చిటికెడు పిండి తడిపి మోచేతి లోపలి వైపు రాసి కడిగేసి, ఒక రోజు ఆగి చూడండి. దురద, దద్దుర్లు లేకపోతేనే ముఖానికి. మొటిమలు పండి ఉన్నవాళ్లు, చర్మం మీద పుండ్లు ఉన్నవాళ్లు నలుగు జోలికి పోవద్దు, రుద్దితే ఇంకా రేగుతాయి. పసిపిల్లలకూ వద్దు.

ఆదివారం పొద్దున

లేవగానే చేసే మొదటి పని వంటింట్లోదే. గుప్పెడు శనగపప్పు కడిగి నానేయండి. దానికి గంట కావాలి, ఒంటికి రాసిన నూనెకూ అంతే సమయం కావాలి. ఈ రెండూ కలిసి రావడం వల్లే మా ఇంట్లో నలుగుకూ తపాలచెక్కకూ జత కుదిరింది.

నూనె ఒంటికి నువ్వులది. తలకు ఒక వంతు ఆముదం, రెండు వంతుల కొబ్బరినూనె. వట్టి ఆముదం జిగటగా ఉంటుంది, తలస్నానం చేసినా ఒక పట్టాన పోదు. మా అమ్మమ్మది వనపర్తి వైపు ఊరు. ఆముదాల పంటకు పాలమూరు, నల్లగొండ జిల్లాలు ఎప్పటి నుంచో పేరున్నవి. ఆమె గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లు పోసి ఉడికిస్తే నూనె పైకి తేలేది. గరిటెతో మెల్లగా తీసి సీసాలో పోసేది. ఆ వంటాముదం నల్లగా, కాస్త మాడు వాసనతో ఉండేది. నాకు ఇప్పటికీ ఆ వాసన అంటే అమ్మమ్మ ఒడే. మీరు మాత్రం గానుగ నుంచి నూనె కొనుక్కోండి. పచ్చి ఆముదం గింజలు విషం, పిల్లలున్న ఇంట్లో అందేచోట ఉంచకూడదు.

నూనె గిన్నెను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయండి. అరికాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. మడమల పగుళ్లు, మోకాళ్లు, మోచేతులు, మెడ వెనక. తొందర వద్దు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. పాత బట్టలు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని ఒక బత్తాయి ఒలుచుకుని తినండి. ఈ కూర్చోవడం నాకు స్నానం కంటే ఎక్కువ ఇష్టం.

ఇప్పుడు నలుగు. ఒంటికి రెండు గుప్పెళ్ల పిండిని నీళ్లతో జారుడుగా కలపండి. పొడిబారిన చర్మమైతే నీళ్లకు బదులు పాలు లేదా పెరుగు. రాసి పూర్తిగా ఎండనివ్వకూడదు. ఎండి చెక్క కట్టాక గీకితే చర్మం రేగుతుంది. తడిగా ఉండగానే అరచేత్తో గుండ్రంగా, మెల్లగా రుద్దితే నూనెతోపాటు మట్టి పోగులు పోగులుగా రాలుతుంది. ముఖానికైతే రుద్దడమే వద్దు, మెత్తని పిండి రాసి రెండు నిమిషాల్లో కడిగేయండి. మన వైపు బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. ఆ నీళ్లలో ఉండే సున్నంతో సబ్బు కలిసి తెల్లటి తెట్టు కడుతుంది, నురగ రాదు, ఒళ్లు బిగుసుకుపోయినట్టుంటుంది. పిండికి నురగతో పనిలేదు, నూనెను తనే పీల్చుకుంటుంది. అందుకే గట్టి నీళ్లున్న ఊళ్లలో దీని విలువ బాగా తెలుస్తుంది.

పీట వేసుకుని కూర్చునే స్నానం చేయండి, నూనె పడ్డ బండ మీద కాలు జారుతుంది. అయ్యాక బండ మీద సబ్బు నీళ్లు చల్లి కడిగి, ఒక బకెట్ నీళ్లు గొట్టంలో పోయకపోతే పిండి అక్కడ గట్టిపడి నీళ్లు నిలుస్తాయి.

తపాలచెక్క

వేరేచోట్ల సర్వపిండి అంటారు, మా ఇంట్లో తపాలచెక్కే. రెండు గ్లాసుల బియ్యప్పిండికి నానిన శనగపప్పు, గుప్పెడు పల్లీలు వేయించి కచ్చాపచ్చాగా దంచినవి, రెండు చెంచాల నువ్వులు, చెంచా జీలకర్ర, కల్యామాకు (కరివేపాకు), కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు అల్లంతో కలిపి నూరిన ముద్ద, ఉప్పు. పల్లీల దగ్గర పిసినారితనం వద్దు, పాలమూరు పల్లీలైతే ఇంకా మంచిది. ఒక ఉల్లిగడ్డ సన్నగా తరిగి ఆఖరున, నీళ్లు పోసి కలపబోతుండగా వేయండి. ముందే వేస్తే ఉప్పుకు నీరూరి పిండి జారిపోతుంది. కొద్దికొద్దిగా వేడినీళ్లు పోస్తూ, రొట్టె పిండి కంటే కాస్త మెత్తగా కలపండి.

మందపాటి అడుగున్న తపాలా గాని, లోతు మూకుడు గాని తీసుకోండి. చల్లగా ఉండగానే లోపల నూనె రాసి, పెద్ద నారింజ పండంత ముద్దను మధ్యలో పెట్టి, తడి చేత్తో అడుగంతా, అంచుల పైకి కూడా పల్చగా వత్తండి. మందంగా ఉంటే మధ్యలో పచ్చిగా మిగులుతుంది. వేలితో ఏడెనిమిది రంధ్రాలు చేసి ఒక్కో రంధ్రంలో రెండు చుక్కల నూనె వేయండి. మూత పెట్టి సన్నని సెగ మీద 10 నిమిషాలు. మధ్యలో తపాలాను కాస్త తిప్పుతూ ఉంటే అన్ని వైపులా సమంగా కాలుతుంది. రెండో వైపు తిప్పి కాల్చే పని లేదు. అడుగు ఎర్రబడితే చెక్క తనంతట తనే అంచు వదులుతుంది. అట్లకాడ పెట్టినా రాకపోతే ఇంకో రెండు నిమిషాలు ఆగండి, లాగితే విరుగుతుంది.

ఇబ్బందల్లా రెండోదానికి. కాలుతున్న తపాలాలో చెయ్యి పెట్టి వత్తలేం. మా అత్తమ్మ దాన్ని బోర్లించి అడుగు మీద చెంబుడు నీళ్లు పోసి చల్లార్చేది. నేను రెండు మూకుళ్లు పెట్టుకుంటాను, ఒకటి కాలుతుంటే ఒకదాంట్లో వత్తుతాను. మొదట దిగిన చెక్కను మాత్రం ఎవరికీ ఇవ్వను. జుట్టు ఆరబోసుకుని గడప దగ్గర కూర్చుని, కరకరలాడే అంచు ముందు విరుచుకుని, పెరుగులో అద్దుకుని తింటాను. పిల్లలకు రెండోది.