మెట్లకీ గోడకీ మధ్య సందు: పూడ్చే ముందు సంపు చూడండి

బయటి మెట్లకీ ఇంటి గోడకీ మధ్య బీట కనిపిస్తే అందరూ మేస్త్రీని పిలిచి సిమెంటు మాలు కూరిస్తారు. ఒక వానాకాలం దాటాక అదే చోట మళ్లీ బీట, మళ్లీ అదే మేస్త్రీ. కూరే ముందు సందుకి అడ్డంగా పైన, మధ్యలో, కింద పెన్సిల్ గీతలు గీసి, పక్కనే తేదీ, వెడల్పు రాయండి. కింది మెట్టు మీద రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి, వాలిందేమో చూడండి. అయిదు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

వెంట్రుకంత బీట, పెరగడం లేదు

మెట్లు కాంక్రీటు, గోడ ఇటుక. ఎండకు రెండూ ఒకేలా సాగవు. పైగా రెండిటినీ కలిపి ఒకే ప్లాస్టరింగ్ లాగేస్తారు, అది మూలలో చిట్లుతుంది. క్రాక్ ఫిల్లర్ పట్టించి రంగు వేసుకోండి, టెన్షన్ వద్దు.

ఎండాకాలం తెరుచుకుని, వానలకు మూసుకుంటోంది

నల్లరేగడి నేల పని ఇది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. కదిలే సందులో మాలు నిలవదు. ఉలితో పాత మాలు తీసి, దుమ్ము దులిపి, లోపల ఫోమ్ రాడ్ దూర్చి, పైన పీయూ సీలెంట్ (రబ్బరులా సాగే పాలీయూరిథేన్ పూత) నింపండి. సందు 12 మి.మీ. ఉంటే సీలెంట్ లోతు 6 మి.మీ. చాలు. రాడ్ మానేస్తే సీలెంట్ వెనక గోడకు కూడా అతుక్కుని, సాగలేక చిరిగిపోతుంది.

ఏడాది పొడవునా పెరుగుతోంది, కింది మెట్టు వాలింది

జనాన్ని ఎక్కువగా ముంచేది ఇదే. మెట్ల పైభాగం స్లాబుకి కట్టి ఉంటుంది. కింది మెట్టు మాత్రం చాలా ఇళ్లలో సరైన పునాది లేకుండా నింపిన మట్టి మీదే కూర్చుంటుంది. ఆ మట్టి తడిస్తే కుంగుతుంది. గోడ మీద మెట్టు అంచుకి పైన రంగు అంటని సన్నటి పట్టీ కనిపిస్తే, మెట్టు అంత మేర కిందికి దిగిందన్నమాట.

తడి ఎక్కడిది? డాబా మీది వాన పైపు మెట్ల మొదట్లో పడుతోందేమో ముందు చూడండి. కాకపోతే పక్కనున్న సంపు. రాత్రి దాన్ని ఎప్పుడూ నిండే మట్టం దాకా నింపి, నల్లా వాల్వ్ కట్టేసి, మోటారు వేయకుండా నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి నీళ్లు దిగితే సంపు కారుతోంది.

నన్ను తిప్పలు పెట్టింది మాత్రం ఈ పరీక్షలో పాసయ్యే సంపే. గీత కదలదు, మట్టి మాత్రం తడిగానే ఉంటుంది. అసలు సంగతి ఏమిటంటే, సంపు నిండగానే నీళ్లు ఆపే ఫ్లోట్ వాల్వ్ పాడై, నల్లా వచ్చిన రాత్రి సంపు ఎప్పటి మట్టం దాటి మెడ (మూత కింది భాగం) దాకా నిండుతుంది. మూత మీదుగా పొంగితే అందరికీ తెలిసేది. అలా కాకుండా పైస్లాబుకీ సంపు గోడకీ మధ్య అతుకులోంచి నీళ్లు మెట్ల కింది మట్టిలోకి పోతాయి. పొద్దున్నే మోటారు వేస్తే మట్టం దిగిపోతుంది, ఎవరికీ అనుమానం రాదు. మూత ఎత్తి టార్చితో మెడ లోపల చూడండి. అతుకు దాకా పాచి, తేమ చారలు ఉంటే దొంగ దొరికినట్టే. నల్లా వచ్చే వేళకి దగ్గర కూర్చుని ఒకసారి చూస్తే ఇంకా మంచిది.

ముందు ఫ్లోట్ వాల్వ్ మార్చి, పొంగిన నీళ్లు బయటి కాలువలోకి పోయేలా పైపు పెట్టి, మెడ అతుకుకి లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేయించండి. ఆ తర్వాత ఒక వానాకాలం ఆగి పెన్సిల్ గీతలు చూడండి. వెడల్పు ఇంకా పెరుగుతుంటే ఇంజనీరుకి చూపించి, మెట్లకు ఆనిక పెట్టించి, కింద గట్టి నేల తగిలేదాకా కొంచెం కొంచెంగా తవ్వించి కాంక్రీటు పోయించండి. సీలెంట్ అన్నిటికన్నా ఆఖరు.

చెదలు, చెట్ల వేళ్లు, భూకంపం లాంటివి అరుదు, వాటితో మొదలుపెట్టకండి. మెట్ల స్లాబు అడుగున అడ్డంగా పగులు ఉన్నా, ఇనుము బయటపడినా అది వేరే కథ. మెట్లు ఎక్కడం ఆపేసి ఇంజనీరుని పిలవండి.

కొత్త కాంక్రీటుకి కనీసం ఏడు రోజులు క్యూరింగ్ కావాలి. తడి గోనెసంచులు కప్పితే సరిపోతుంది. బకెట్లతో గుంటలో పోసి మళ్లీ అదే మట్టిని నానబెట్టకండి.