లాంగ్ రైడ్‌కి ముందు తోలు సీటుతో జాగ్రత్తలు

రేపు సైకిల్ మీద లాంగ్ రైడ్ పెట్టుకుని ఇవాళ సీటు జోలికి వెళ్లకండి. అందులోనూ తోలు సీటైతే అసలే వద్దు. ఫోమ్ సీటు కొన్నప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది. తోలు సీటు అలా కాదు. ముందూ వెనకా లాగి బిగించిన తోలు మన బరువుకి మెల్లగా సాగి, ఎముకలు ఆనే చోట రెండు చిన్న గుంటలు పడతాయి. అప్పటిగ్గానీ అది మన సీటు అవదు. అందుకు కొన్ని వందల కిలోమీటర్లు తొక్కాలి. కొత్త సీటు వేసుకుని నేరుగా 200 కిలోమీటర్ల రైడ్‌కి బయల్దేరితే నరకం కనిపిస్తుంది.

రైడ్‌కి ఇంకా రోజులున్నప్పుడే ముందు ఎత్తు చూసుకోండి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. సీటు ఇంకా ఎత్తుగా ఉంటే తుంటి అటూ ఇటూ ఊగి చర్మం ఒరుసుకుపోతుంది. మార్చే ముందు సీటు కింది రాడ్డుకి టేపు చుట్టి పాత ఎత్తు గుర్తు పెట్టుకోండి. ఇంతకంటే పైకి లాగొద్దని రాడ్డు మీదున్న హద్దు గీత మాత్రం ఎప్పుడూ బయటికి కనపడకూడదు.

తర్వాత వాలు. తోలు మధ్యలో కాస్త కుంగుతుంది కాబట్టి సీటు ముక్కు, అంటే ముందు కొన, వెనక అంచుతో సమానంగానో, రవ్వంత పైకో ఉంటే బాగుంటుంది. కిందికి వాలితే ముందుకి జారిపోతూ బరువంతా అరచేతుల మీద పడుతుంది. మరీ పైకి లేస్తే కాళ్ల మధ్య తిమ్మిరెక్కుతుంది. ఈ తిమ్మిరిని మాత్రం ఓర్చుకోవద్దు, అక్కడ నరాలు నలుగుతున్నాయని అర్థం. వెంటనే దిగి, ముక్కు కొద్దిగా దించండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఎత్తు, వాలు రెండూ కలిపి మార్చేస్తే దేనివల్ల నొప్పి తగ్గిందో తెలియదు.

ఇక ముక్కు కింద ఉండే, తోలుని లాగి బిగించే టెన్షన్ బోల్టు. సీటు గట్టిగా ఉందని చాలామంది ముందు దీన్నే తిప్పుతారు. బిగిస్తే తోలు ఇంకా గట్టిపడుతుందే గానీ మెత్తబడదు. కొత్త సీటుకి దాని అవసరమే రాదు. బాగా వాడాక తోలు ఊయలలా కుంగి, పక్కలు విచ్చుకుని తొడలకి రాసుకుంటున్నప్పుడు పానా తీయండి. పావు చుట్టు తిప్పి, కొన్ని రోజులు తొక్కి, చాలకపోతేనే మళ్లీ పావు చుట్టు. అతిగా బిగిస్తే రివెట్ల దగ్గర తోలు చిరుగుతుంది. ఒకసారి చిరిగాక దాన్ని సరిచేయడం చాలా కష్టం.

వాన ఉంటే కవరు తప్పనిసరి, వెనక చక్రానికి మడ్‌గార్డు కూడా. తోలు అడుగు భాగానికి పాలిష్ ఉండదు. చక్రం చిమ్మే నీళ్లు అక్కడ ఇట్టే ఇంకిపోతాయి. నానిన తోలు మీద కూర్చుని తొక్కితే ఆకారం చెడిపోయేదాకా సాగుతుంది. తడిస్తే గుడ్డతో అద్ది, నీడలో గాలికి ఆరనివ్వండి. ఎండలో పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా తోలు బిరుసెక్కి పగులుతుంది. పూర్తిగా ఆరాక సీటు కోసమే అమ్మే మైనం పలుచగా రాయండి. చేతికందిన నూనె ఏదీ పట్టించకండి, అతిగా మెత్తబడిన తోలు త్వరగా కుంగిపోతుంది.