మెటాలికా ఎం72 టూర్: చూసొచ్చిన కచేరీ గురించి సరిగ్గా రాయడం ఎలా

"లార్స్ చేతిలో పస తగ్గింది." "జేమ్స్ గొంతు మాత్రం చెక్కుచెదరలేదు." "సౌండ్ అస్సలు బాలేదు." అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా ఎం72 టూర్ చూసొచ్చిన అభిమానులు ఎక్కువగా రాసేది ఈ మూడు ముక్కలే. లార్స్ ఆ బ్యాండ్ డ్రమ్మర్, జేమ్స్ గాయకుడు. ఒకే స్టేడియంలో, ఒకే రాత్రి కూర్చున్న ఇద్దరు వీటిలో పూర్తిగా ఎదురెదురు మాటలు చెప్తారు. ఇద్దరూ నిజమే చెప్తుంటారు. కాకపోతే ఒకరు చెప్పేది తన సీటు గురించి, ఇంకొకరు చెప్పేది తన ఫోన్ రికార్డింగ్ గురించి. సీటు, ఫోన్, అలిసిపోయిన చెవి, జ్ఞాపకం, ఈ నాలుగింటినీ పక్కకు తీసేశాక మిగిలేదే బ్యాండ్ వాయించింది. దాన్ని ఎలా విడదీయాలన్నదే ఇక్కడ విషయం.

ముందు టూర్ నిర్మాణం తెలియాలి. 2023 ఏప్రిల్ 14న '72 సీజన్స్' ఆల్బం వచ్చింది. అదే నెల 27న ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ అరీనాలో టూర్ మొదలైంది. చాలా ఊళ్లలో రెండు రాత్రులు, మధ్యలో ఒక రోజు విరామం, మొదటి రాత్రి వాయించిన పాట రెండో రాత్రి ఉండదు. ముందు ఆడే బ్యాండ్లు కూడా మారతాయి. స్టేజీ మైదానం మధ్యలో ఉంగరంలా ఉంటుంది. ఆ ఉంగరం లోపలి ఖాళీయే స్నేక్ పిట్, అక్కడా జనం నిలబడతారు. చుట్టూ ఎనిమిది టవర్లు, వాటికి గుండ్రటి తెరలు. డ్రమ్ కిట్లు నాలుగు. రాత్రి గడిచేకొద్దీ ఒక్కో చోట ఒక్కో కిట్ పైకి లేస్తుంది, లార్స్ ఉల్రిక్ అక్కడికి మారతాడు.

దీన్నిబట్టి రెండు సంగతులు ముందే గుర్తుంచుకోవాలి. ఒక రాత్రి మాత్రమే చూసినవాళ్లు సగం కచేరీయే చూసినట్టు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి రాత్రి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'తో ముగిస్తే, రెండో రాత్రి 'ఎంటర్ శాండ్‌మన్'తో ముగించారు. "ఫలానా పాట వాయించనే లేదు" అని తిట్టేముందు అది ఏ రాత్రి పాటో చూసుకోవాలి. రెండోది, ఈ స్టేజీకి ముందు వైపు, వెనక వైపు లేవు. ఎక్కడ కూర్చున్నా కొంతసేపు జేమ్స్ హెట్‌ఫీల్డ్ వీపే కనబడుతుంది. అది మీ టికెట్ చేసిన పాపం కాదు.

వెళ్లే ముందు చెవిని సిద్ధం చేసుకోండి

చాలామంది కచేరీకి ముందు వారమంతా ఆల్బంలు వింటారు. ఇక్కడే మొదటి చిక్కు. మెటాలికా 90ల మధ్య నుంచి స్టేజీ మీద గిటార్లను అర మెట్టు దించి శ్రుతి చేస్తోంది. ఆల్బంలో 'ఈ' (E) స్వరం ఉన్నచోట కచేరీలో 'ఈ ఫ్లాట్', అంటే దానికి అర మెట్టు కింది స్వరం. ఆల్బం శ్రుతికి అలవాటుపడ్డ చెవికి కచేరీలో అదే పాట కాస్త బరువుగా, నీరసంగా అనిపించి, "వయసైపోయింది, మెల్లగా వాయిస్తున్నారు" అనిపిస్తుంది. నిజానికి పాట అదే వేగంలో, లేదా ఇంకాస్త జోరుగా నడుస్తూ ఉండొచ్చు. అందుకే పోల్చుకోడానికి స్టూడియో ఆల్బం కాకుండా ఇదే టూర్‌లో ఇంకో ఊరి కచేరీ రికార్డింగ్ పెట్టుకోండి. 2004 నుంచి తమ కచేరీల రికార్డింగులను బ్యాండే అధికారికంగా అమ్ముతోంది. ఒక మొదటి రాత్రి, ఒక రెండో రాత్రి తీసుకుని అయిదారు పాటలు వింటే చాలు. మొత్తం వింటే కచేరీలో ఆశ్చర్యపోయేదేమీ మిగలదు.

శ్రుతి తేడా మీరే తేల్చుకోవచ్చు. ట్యూనర్ యాప్ మామూలుగా ఒక్క స్వరాన్నే పట్టగలదు, కార్డులు (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) వినిపిస్తే గజిబిజి అవుతుంది. కాబట్టి 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' మొదలు తీసుకోండి. అక్కడ గిటార్ ఒక్కటే ఉంటుంది, ఏ తీగనూ నొక్కకుండా విడిగా ఒక్కొక్కటే మీటుతుంది: లావు తీగ, తర్వాత మూడోది, రెండోది, ఒకటోది. ఆల్బం వినిపిస్తే లావు తీగ దగ్గర యాప్ 'ఈ' (E) అని, 82.4 హెర్ట్జ్ దగ్గర చూపిస్తుంది. కచేరీ రికార్డింగ్‌లో అదే తీగ 77.8 దగ్గరికి దిగుతుంది. యాప్‌లో ఈ ఫ్లాట్ బదులు డి షార్ప్ అని వస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే స్వరం. ఫోన్ స్పీకర్ అంత కింది స్వరాన్ని సరిగ్గా పలకలేదు, అందువల్ల యాప్ ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైన చూపించవచ్చు. హెడ్‌ఫోన్‌ను మైక్ దగ్గర పెడితే ఆ బెడద ఉండదు.

సీటు ఎక్కడో రాసుకోండి

ఊరు, స్టేడియం, తేదీ, బ్లాకు, వరస, పైకప్పు ఉందా లేదా. ఈ ఆరూ లేని సమీక్షలో సౌండ్ గురించి ఎంత రాసినా దండగ. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వంద మీటర్ల దూరంలో కూర్చుంటే, కర్ర డ్రమ్ మీద పడటం కంటికి కనబడిన 0.29 సెకన్ల తర్వాత గానీ ఆ దెబ్బ చెవికి చేరదు. శబ్దం దగ్గర్లోని స్పీకర్ నుంచి వచ్చినా, దూరాన్ని బట్టి అన్ని స్పీకర్లూ కలిసేలా సౌండ్ ఇంజినీర్లు దాన్ని కొంత ఆలస్యం చేసి పంపుతారు కాబట్టి కంటికీ చెవికీ పొంతన తప్పుతూనే ఉంటుంది. తెర మీది బొమ్మ కూడా కెమెరా నుంచి అక్కడికి చేరేసరికి కొంత వెనకబడుతుంది. పై వరసల్లో కూర్చుని "లార్స్ తాళం తప్పాడు" అనేవాళ్లలో చాలామంది చూసింది ఈ తేడానే.

తేల్చుకోడానికి ఒక పద్ధతి ఉంది. కళ్లు మూసుకుని ఎనిమిది బార్లు (నాలుగేసి బీట్ల ఆవర్తాలు) వినండి. గిటార్, డ్రమ్ ఒకదానితో ఒకటి కలిసి నడుస్తుంటే బ్యాండ్ తప్పేమీ లేదు, కంటికీ చెవికీ మధ్య దూరమే. కళ్లు మూసుకున్నా రెండూ విడిపోయి వినిపిస్తుంటే ఎదుటి గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని కావచ్చు, నిజంగానే వాయింపు జారి ఉండొచ్చు. అప్పుడు పాట పేరు, ఏ చోట అన్నది రాసుకుని ఊరుకోండి. అధికారిక రికార్డింగ్ వచ్చాక అదే చోట వినండి. అందులోనూ జారితే బ్యాండ్ జారినట్టు, లేకపోతే అది గోడ పని. 2023 ఆగస్టు 18, 20 తేదీల్లో ఆడిన ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియం లాంటి పైకప్పున్న చోట్ల ఈ పరీక్ష మరీ అవసరం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామందికి స్టేడియం కచేరీ అంటే అక్కడిదే కాబట్టి, ఆ గోడల సంగతి తెలిసి రాయడం మంచిది.

స్నేక్ పిట్ టికెట్ గురించి ఒక మాట. బ్యాండ్‌ను అంత దగ్గరగా చూసే చోటు ఇంకోటి లేదు, ఒప్పుకోవాల్సిందే. కానీ టూర్ మొత్తాన్ని అంచనా వేయడానికి అది మంచి చోటు కాదు. వాళ్లు బయటివైపు తిరిగినప్పుడల్లా వీపులే కనబడతాయి, మొత్తం స్టేజీ ఎలా నడుస్తోందో అర్థం కాదు. రెండు రాత్రులకూ టికెట్ ఉండి, కుదిరితే, ఒక రాత్రి నేల మీద, ఒక రాత్రి కింది గ్యాలరీలో ఉండండి.

కచేరీ జరుగుతుండగా

చెవి ప్లగ్గులు తప్పనిసరి. ఇది ఆరోగ్యం కోసం మాత్రమే కాదు, సమీక్ష కోసం కూడా. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు భరించగల చెవి, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ అందులో సగం సేపే భరిస్తుంది. 100 దగ్గర అది పదిహేను నిమిషాలు. ఆ లెక్కన రెండు గంటల కచేరీ, ఎనిమిది రెట్ల మోతాదు. అలిసిన చెవి మొదట పోగొట్టుకునేది పై శబ్దాలను: సింబల్స్ (డ్రమ్ కిట్‌లోని ఇత్తడి పళ్లేలు), గిటార్ అంచు, మాటల్లోని హల్లులు. ముందు పాంటెరా బ్యాండ్ ఆడిన రాత్రుల్లో అయితే మెటాలికా ఎక్కేసరికే చెవి సగం మొద్దుబారి ఉంటుంది. "చివరి నాలుగు పాటలకి మిక్స్ ముద్దయింది" అన్న ఫిర్యాదుకు తరచుగా మూలం ఇదే. ఫోమ్ ప్లగ్గులు పై శబ్దాలను మరీ ఎక్కువగా కోసేస్తాయి. సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ప్లగ్గులు 15 నుంచి 20 డెసిబెల్స్ వరకు కాస్త సమంగా తగ్గిస్తాయి. ఫోమే ఉంటే సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి తోసి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోండి. సగం బయటికి వచ్చి వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క.

నోట్సు పాటకు ఒక్క వరస చాలు: పాట పేరు, ఎన్ని గంటలకు మొదలైంది, కిట్ ఏ వైపు ఉంది, ఒక్క ముక్క వ్యాఖ్య. ఫోన్ వెలుతురు తగ్గించి పాటకూ పాటకూ మధ్య రాయండి. మధ్యలో గిటారిస్టు కర్క్ హామెట్, బేస్ గిటారిస్టు రాబర్ట్ ట్రుహీయో ఇద్దరే ఆడే చిన్న ముక్క వస్తే తప్పక రాసుకోండి. ఆ ఊరి సంగీతాన్ని వాళ్లు కొన్నిసార్లు అక్కడ వాయిస్తుంటారు. ఇంకో ఊళ్లో అది ఉండదు కాబట్టి, రెండు ఊళ్ల కచేరీలను వేరుచేసేది తరచుగా ఆ మూడు నిమిషాలే.

రికార్డింగ్ కావాలంటే కెమెరా యాప్‌ను నమ్మకండి. అందులో శబ్దాన్ని ఫోనే ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది, కిక్ డ్రమ్ పడ్డప్పుడల్లా గొంతు మునిగిపోతుంది. పైగా మైక్ తట్టుకోలేనంత శబ్దం వచ్చి చిట్లిపోతుంది. గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్నది) చేత్తో పెట్టుకోగల రికార్డర్ యాప్ వాడి, ముందు ఆడే బ్యాండ్ సమయంలోనే అత్యధిక స్థాయి మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూసుకోండి. ప్రధాన బ్యాండ్ ఎక్కేసరికి సౌండ్ ఇంకా పెరుగుతుంది, ఆ జాగా దానికోసం. ఎంత జాగ్రత్తపడ్డా ఆ రికార్డింగ్ పనికొచ్చేది వేగం కొలవడానికే, గొంతు బాగుందో లేదో తేల్చడానికి కాదు.

ఇంటికొచ్చాక

ముందు జ్ఞాపకమున్నది రాసేయండి, ఇంటర్నెట్ తెరవకుండా. నలుగురి వీడియోలు చూశాక మీ జ్ఞాపకం మీది కాకుండా పోతుంది. మర్నాడు పాటల జాబితాతో సరిచూసుకోండి. కొన్ని రోజుల్లో అధికారిక రికార్డింగ్ వస్తుంది. అది స్టేడియం స్పీకర్లలో వినిపించింది కాదు, విడిగా మిక్స్ చేసింది. కాబట్టి హాలు సౌండ్ గురించి దాన్ని సాక్ష్యంగా చూపకూడదు, వాయింపు గురించి చూపొచ్చు.

వేగం లెక్క ఇలా. 'ఎంటర్ శాండ్‌మన్' ఆల్బంలో నిమిషానికి సుమారు 123 బీట్లు. డ్రమ్స్ పూర్తిగా అందుకున్నాక, ప్రధాన రిఫ్ (మళ్లీమళ్లీ వచ్చే గిటార్ వరస) నడుస్తున్న చోట, 64 బీట్లు లెక్కపెట్టి స్టాప్‌వాచ్‌తో సమయం చూడండి. మొదటి బీట్ మీద నొక్కి, 65వ బీట్ మీద ఆపాలి. 64వ దాని మీద ఆపితే ఒక బీట్ కాజేసినట్టే. 3840ని (64 బీట్లు, నిమిషానికి 60 సెకన్లు, రెంటి గుణకారం) వచ్చిన సెకన్లతో భాగించండి. 31.2 సెకన్లు వస్తే ఆల్బం వేగం. 30 వస్తే 128, అంటే వేగంగానే ఆడారు. 33 వస్తే 116, అప్పుడు "నెమ్మదించారు" అనొచ్చు. ఒకే చోట కాదు, పాట మొదట్లో, చివర్లో రెండుసార్లు కొలవండి. పాట మొత్తం నిడివి చూసి వేగం తేల్చకండి. మధ్యలో కబుర్లు, జనంతో పాడించడం, సాగదీసిన ముగింపు అన్నీ అందులో కలిసిపోతాయి.

గొంతు విషయంలో అంకెలు లేవు, వినికిడే ఉంది. కానీ దేనితో పోలుస్తున్నారో చెప్పండి. హెట్‌ఫీల్డ్ పుట్టింది 1963లో. 1991 ఆల్బం రోజుల్లో గొంతు దెబ్బతిన్నాకే ఆయన శిక్షణ తీసుకుని పాడే తీరు మార్చుకున్నాడు. ఇప్పటి గొంతును 1989 నాటి అరుపుతో పోల్చి పెదవి విరవడం సులభం, ఉపయోగం మాత్రం సున్నా. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఏ పాటల్లో పైస్థాయి చరణాన్ని కిందికి మార్చాడు? ఏ వరసలను జనానికి వదిలేశాడు? మొదటి పాటల్లో గొంతు వేడెక్కకముందు ఎలా ఉంది, గంట తర్వాత ఎలా ఉంది? 2023 సెప్టెంబరులో ఆయనకు కోవిడ్ వచ్చి ఫీనిక్స్ రెండో రాత్రి వాయిదా పడింది. ఆ రెండు రాత్రులనూ పోల్చేటప్పుడు ఇది గుర్తుండాలి.

జనం గురించి రాసేటప్పుడు "స్టేడియం ఊగిపోయింది" లాంటివి ఎంత వాడితే అంత పలచబడతాయి. ఊగిన సందర్భం నిజంగానే ఒకటుంది: 2025 మే 7న వర్జీనియా టెక్ వాళ్ల లేన్ స్టేడియంలో 'ఎంటర్ శాండ్‌మన్'కు జనం ఎగిరిన ఎగురుడు అక్కడి భూకంప పరికరాల్లో నమోదైంది. ఆ పాటకే ఆ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు మైదానంలోకి వస్తుంది, జనానికి ఎగరడం ముందే అలవాటు. మీ ఊళ్లో జనం ఏ పాటకు కూర్చున్నారో రాస్తే అంతకంటే ఎక్కువ తెలుస్తుంది. కొత్త ఆల్బం పాటలకు కూర్చున్నారా, లేచారా? నలభై ఏళ్లు దాటిన బ్యాండ్ కొత్త పాటలను ఎంతవరకు నమ్ముకుంటోంది, జనం ఎంతవరకు సాగనిచ్చారు అన్నది ఈ టూర్‌లో అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం. అభిమానులు దాన్నే దాటేస్తారు.

రెండు రాత్రులు చూసినవాళ్లు రెంటినీ కలిపి ఒకే సమీక్ష రాయండి. పాటలు మారతాయి కాబట్టి "ఏది మెరుగు" అన్నది పాటల మీద కాకుండా వాయింపు మీద తేల్చాలి: రెండో రాత్రి గొంతు అలిసిందా, సోలోల్లో కర్క్ తొట్రుపడ్డాడా. 2025లో హ్యూస్టన్, అట్లాంటా లాంటి ఊళ్లలో ఒకే రాత్రి ఆడారు. ఆ జాబితాను రెండు రాత్రుల ఊరి మొదటి రాత్రితో పోల్చడం సరికాదు. 2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో చూసినవాళ్లు ఇప్పటిదాన్ని దానితో పోల్చాలనుకుంటే, అది ఒక వైపే ఉన్న స్టేజీ, ఆరుబయలు మైదానం, ఒకే రాత్రి. సౌండ్, స్టేజీ పోలికలు వదిలేసి, రెండు చోట్లా వాయించిన పాటలు ఏవో చూసి, వాటి వేగం మాత్రం పైన చెప్పినట్టు కొలిచి పక్కపక్కన పెట్టండి.