వేట బోటులో వంటసామాను

విశాఖ, కాకినాడ రేవుల నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే మరబోటుకి ముందు కొనాల్సింది ప్రెషర్ కుక్కర్. మూత బిగుసుకుని ఉంటుంది కాబట్టి బోటు ఒరిగినా మరిగే గంజి ఒంటిమీద పడదు. ఏడెనిమిది మందికి 10 లీటర్లది చాలు, సగానికి మించి నింపకండి.

అల్యూమినియం వద్దు. ఉప్పునీటికి తెల్లపొడి లేచి గుంటలు పడతాయి. 304 రకం స్టీలు మన్నుతుంది.

పొయ్యి చుట్టూ గిన్నె జారకుండా కమ్మీ పెట్టించండి.

అసలు భయం గ్యాసుతోనే. అది గాలికంటే బరువు. లీకైతే పైకి పోకుండా బోటు అడుగున చేరుతుంది, ఇంజన్ స్టార్టు చేసినప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే సిలిండర్ డెక్కు మీదే, నిలబెట్టి కట్టాలి. గొట్టం అతుకులకి సబ్బునురగ రాయండి. బుడగ లేస్తే ఆ పూట పొయ్యి వెలిగించొద్దు.