మిల్లు మీద సోలార్ పెట్టేముందు పాత బిల్లులు బయటికి తీయండి

కావలిలో మాది పిండిమర. బియ్యప్పిండి, శనగపిండి ఏడాదంతా ఆడుతూనే ఉంటుంది గానీ అసలు గిరాకీ ఎండాకాలంలో, జనం కారం, పసుపు పట్టించుకునే రోజుల్లోనే. ఆ నెలల్లో కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేల్‌మనేది. యూనిట్ రేటు చాలదన్నట్టు, కరెంటు కొనే ఖర్చు పెరిగిందని వేసే సర్దుబాటు చార్జీ ఒకటి. మిద్దె మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టాక ఆ టెన్షన్ తగ్గింది. తోటి మిల్లుల వాళ్ళు, వెల్డింగ్ షాపుల వాళ్ళు అడుగుతుంటే అందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నా.

ఎన్ని కిలోవాట్లు కావాలో అమ్మేవాణ్ణి అడగొద్దు. పన్నెండు నెలల బిల్లుల్లో యూనిట్లు కూడి, నెలకు సగటున ఎంతో చూడండి. మన ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. మా సగటు 600, అంటే 5 కిలోవాట్లు. ఒక్క ఏప్రిల్ బిల్లు చూపించారో, మీకు పెద్దది అంటగడతారు. నెట్ మీటర్ ఉంటే మనం లైనుకు పంపిన యూనిట్లు వాడిన వాటిలోంచి తీసేస్తారు. కానీ మిగిలిపోయిన యూనిట్లకు మనం కట్టే రేటు మనకు రాదు. అందుకే అవసరానికి మించి పెట్టడం దండగ. కనెక్షన్ లోడును బట్టి పడే ఫిక్స్‌డ్ చార్జీ కూడా ఎటూ పోదు. బిల్లు సున్నా అయిపోతుందని ఎవరైనా అంటే టీ ఇచ్చి పంపించేయండి.

పీఎం సూర్యఘర్ సబ్సిడీ, అదే కేంద్రం 78,000 రూపాయల దాకా ఇచ్చేది, ఇళ్ళకే. మిల్లుకు, షాపుకు రాదు. వస్తుందని మాకూ ఒకాయన నమ్మబలికాడు. కాగితం మీద రాసివ్వమన్నాక మళ్ళీ కనబడలేదు. అయితే సోలార్ సామాను మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కు దిగింది. కొటేషన్‌లో పాత లెక్క వేశారేమో చూసుకోండి.

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి, ప్యానెళ్ళు దక్షిణం వైపు వాలాలి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగుకు మిద్దెక్కి నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీయండి. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా దానితో వరసగా కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా పడిపోవచ్చు.

మనది సముద్రపు గాలి, పైగా తుపాన్ల దారి. రంగు పూసిన మామూలు ఇనప స్టాండు వద్దు, జింకు పూత బాగా పట్టిన గాల్వనైజ్డ్‌దే అడగండి. బోల్టులు శ్లాబులోకి దిగాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువు పెట్టి సరిపెడతామంటే ఒప్పుకోవద్దు.

చాలామందికి తెలియని విషయం, కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం కూడా ఈ సోలార్ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ళ కరెంటును మనం వాడే కరెంటుగా మార్చే పెట్టె, తనే ఆపేస్తుంది. బ్యాటరీ పెట్టి మిల్లు మోటారు తిప్పడం మనలాంటి వాళ్ళకు గిట్టుబాటు కాదు.

కడగడం సంగతి మిల్లుల వాళ్ళకు ముఖ్యం. కారం పట్టే రోజుల్లో ఫ్యాను బయటికి తోసే ఎర్రటి దుమ్ము మంచుకు తడిసి అద్దానికి పట్టేస్తుంది, ఉత్త నీళ్ళకు వదలదు. తెల్లారగట్ల మెత్తటి గుడ్డతో రుద్దాలి. ఎండలో కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోయొద్దు, పగలొచ్చు. మా బోరు నీళ్ళు ఉప్పు, ఆరితే తెల్లటి చారలు మిగులుతాయి, అందుకని మున్సిపాలిటీ నీళ్ళు పట్టి ఉంచుతాం. వీలైతే ఆ ఫ్యానును ప్యానెళ్ళకు అవతలి గోడకు మార్పించుకోండి.

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలకు ఉత్పత్తి పడిపోతుంది, కంగారుపడొద్దు. ప్యానెళ్ళకు 25 ఏళ్ళ వారంటీ అంటారు గానీ ఇన్వర్టర్‌కు అన్నేళ్ళు ఉండదు. దాని వారంటీ ఎన్నేళ్ళో, రిపేరొస్తే ఎవరొస్తారో, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరుతో సహా బిల్లు మీద రాయించుకున్నాకే చివరి చెక్కు ఇవ్వండి.